ఈ కాలువ ఎక్కడికి పోతుంది, మాస్టారూ?

విద్యార్థులారా! తొలకరి వాన వెలిసిన సాయంత్రం బడి నుంచి ఇంటికి వెళ్తూ రోడ్డు పక్క కాలువను ఎప్పుడైనా పరిశీలించారా? నీటి మీద ఊదా, నీలం, ఆకుపచ్చ రంగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. ఇంద్రధనుస్సు నేలకు దిగివచ్చిందా అనిపిస్తుంది. కాని అది నూనె పొర. ఏదో షెడ్డు ముందు నుంచో, దుకాణం ముందు నుంచో బయలుదేరి, ఇప్పుడు ఏటికి ప్రయాణమై పోతోంది.

నేను పాతికేళ్లకు పైగా హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. మా బడి విజయవాడ శివారులో, బుడమేరుకు దగ్గరలో ఉంది. కొన్నేళ్ల క్రితం ఎనిమిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని, ఈ రంగుల నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని బయలుదేరాను. కాలువ వెంట నడిచి నడిచి మోటారు సైకిళ్లు బాగుచేసే ఒక షెడ్డు దగ్గర తేలాం. ఇంజన్ల నుంచి తీసిన నల్లటి ఆయిలు నేల మీద మడుగు కట్టి ఉంది. పిల్లల ముందు నా పెద్దరికం చూపించుకోవాలనిపించిందేమో, గట్టిగా కేకలేశాను. మునిసిపాలిటీకి రిపోర్టు చేస్తానన్నాను.

షెడ్డు యజమాని గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చూస్తే నా పాత విద్యార్థే!

"నూనె నీటి మీద తేలుతుందని మీరే చెప్పారు మాస్టారూ, నాకింకా గుర్తుంది. కాని ఈ కాలువ ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేదు. ఎక్కడో శుభ్రం చేస్తారులే అనుకున్నాను" అన్నాడు. కాస్త తటపటాయించి, "మన బడి ల్యాబులో మైలుతుత్తం నీళ్లు సింకులోనే పోసేవాళ్లం కదండీ, అవెక్కడికి పోయేవండీ?" అని అడిగాడు.

నాకు మాట రాలేదు. మరునాడు వెళ్లి చూస్తే ల్యాబు సింకు గొట్టం గోడ దాటి సరిగ్గా ఆ కాలువలోకే దిగింది. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు. చేపలకు అది విషం. ఇన్నేళ్లలో నేను ఏటికి ఎంత విషం పంపానో నా దగ్గర లెక్క లేదు.

ఆ కాలువ ఎక్కడికి పోతుందో ఇప్పుడు చెబుతాను. పట్టణంలో రెండు రకాల కాలువలు ఉండాలి. ఒకటి ఇళ్లలోని మురుగును శుద్ధి కేంద్రానికి చేర్చేది. రెండోది వాననీటిని తీసుకుపోయేది. ఈ రెండో దాని చివర ఏ శుద్ధి కేంద్రమూ ఉండదు. అందులో పడ్డది పడ్డట్టు ఏటికి చేరుతుంది. మా వైపు నీరు బుడమేటికి, అక్కడి నుంచి కొల్లేటికి, ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతానికి పోతుంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరుకు మా ల్యాబు సింకు నుంచి దారి ఉందన్నమాట!

ఇక కొంచెం లెక్క చేద్దాం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరవుతుంది. షెడ్డు ముందు జాగా 200 చదరపు మీటర్లు, కురిసిన వాన 10 మిల్లీమీటర్లు అనుకోండి. 2,000 లీటర్ల నీరు ఆ నేలను కడిగి కాలువలో పడుతుంది. ఎండాకాలమంతా పేరుకున్న జిడ్డు, దుమ్ము, ఇనుపరజనులో చాలా భాగం మొదటి వానలతోనే కొట్టుకుపోతుంది. అందుకే తొలకరి నీరు అన్నిటికన్నా మురికి నీరు.

మోటారు సైకిలు ఇంజనులో సుమారు ఒక లీటరు ఆయిలు పడుతుంది. ఆ లీటరు నీటి మీద ఒక మైక్రాన్ మందాన, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు మందాన పరచుకుంటే ఎంత మేర కప్పుతుంది? 1,000 చదరపు మీటర్లు! దాదాపు పావు ఎకరం. ఇది నిజమో కాదో మీరే లెక్కగట్టి చూడండి.

హోటలు జిడ్డుతో, పాచి అన్నంతో వచ్చే కీడు మరో రకం. అవి విషాలు కావు. కాని నీటిలోని బాక్టీరియా వాటిని తింటూ, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. మన ఎండలకు 30 డిగ్రీల వేడి ఉన్న నీటిలో లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. చేపలు బతకాలంటే కనీసం 4 ఉండాలి. మధ్యనున్న ఆ కొద్దిపాటి ఆక్సిజన్ హరించుకుపోతే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

మరి ఏం చేయాలి? "చట్టం ఉంది కదా, పట్టిస్తే సరి" అంటారు కొందరు. నిజమే, నీటి కాలుష్య నివారణ చట్టం 1974 నుంచీ ఉంది. రాత్రిపూట గొట్టాలు తెరిచి విషం వదిలే ఫ్యాక్టరీ మీద దాన్ని ప్రయోగించాల్సిందే. కాని ఫ్యాక్టరీకీ, రోజు కూలి మీద బతికే చిన్న షెడ్డుకూ ఒకే తక్కెడ పనికిరాదని నా అభిప్రాయం. చిన్నవాడికి ముందు తెలియజెప్పాలి, తరువాత సాయపడాలి. అప్పటికీ వినకపోతే కదా చట్టం!

వారం తరువాత నేను ఒక్కణ్ణే షెడ్డుకు వెళ్లాను. అరిచినందుకు నొచ్చుకున్నానని చెప్పి, బల్ల మీద కూర్చుని అతని ఇబ్బంది విన్నాను. వాడిన ఆయిలు కొనేవాళ్లు డ్రమ్ము నిండితేగాని రారు. అతనికి వారానికి నాలుగైదు లీటర్లే వస్తుంది. అందుకని అతను, పక్కనున్న మరో ముగ్గురు మెకానిక్కులు కలిసి ఒకే డ్రమ్ము పెట్టుకున్నారు. అనుమతి ఉన్న కొనుగోలుదారుకే ఇస్తున్నారు. రేకుల కింద పని చేయడం, ఇంజను కింద పళ్లెం పెట్టడం, ఒలికిన చోట రంపపు పొట్టు చల్లి ఊడ్చి ఎత్తడం, ఆ పొట్టును మూత డబ్బాలో విడిగా ఉంచి ప్రమాదకరమైన చెత్తగా అప్పగించడం అలవాటు చేసుకున్నారు. వీటికి పెద్ద ఖర్చేమీ కాలేదు.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ డ్రమ్మే వరదలో కొట్టుకుపోయింది. ఇప్పుడు వానాకాలానికి ముందే దాన్ని ఖాళీ చేయించి, మూత బిగించి, గోడకు గొలుసుతో కడుతున్నారు.

పక్కనున్న హోటలు యజమాని అంట్లు కడిగే ముందు ఎంగిలిని బుట్టలోకి తీయిస్తున్నాడు. మాడిన నూనెను కాలువలో పోయకుండా డబ్బాలో పడుతున్నాడు. అలాంటి నూనెను సేకరించి బయోడీజిలు చేయించే పథకాన్ని దేశ ఆహార భద్రతా సంస్థ 2018లో మొదలుపెట్టింది. మా ల్యాబులో మైలుతుత్తం ద్రావణాన్ని ఇప్పుడు సింకులో పోయం. జాడీలో పట్టి, ఎండలో ఆరబెట్టి, స్ఫటికాలను మళ్లీ ప్రయోగాలకే వాడుకుంటున్నాం.

మీరూ ఈ పని చేయవచ్చు. అయితే ఒంటరిగా వెళ్లకండి, మాస్టారితో కలిసి వెళ్లండి. వాన పడుతుండగా కాలువ దగ్గరికి పోకండి. వాడిన ఆయిలును చేత్తో తాకకండి. కాలువ ఏ ఏటిలో కలుస్తుందో పటం గీయండి. దుకాణదారుకు ఆ పటం చూపించి, "మీకేం ఇబ్బంది ఉందండీ?" అని అడగండి. తప్పు పట్టడానికి వెళ్తే తలుపు మూస్తారు. సాయానికి వెళ్తే స్టూలు వేస్తారు.

అన్నిటికన్నా ముందు మీ బడి ల్యాబు సింకు దగ్గరికి వెళ్లండి. "ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి, మాస్టారూ?" అని అడగండి. ఆ ప్రశ్న నన్ను పాతికేళ్లు ఎవరూ అడగలేదు. మీ మాస్టారిని మీరు ఈ వారమే అడగండి.