ముఠా కార్మికుడి మెడ మీద 75 కిలోలు

కృష్ణా డెల్టాలో ధాన్యం ధర అడిగితే క్వింటాలు లెక్క చెప్పేవాళ్లు తక్కువ. 2024-25లో కేంద్రం సాధారణ రకానికి క్వింటాలుకు 2,300 రూపాయల మద్దతు ధర ప్రకటిస్తే, గుడివాడలోనైనా అవనిగడ్డలోనైనా జనం నోట అది బస్తా 1,725 అయింది. బస్తా అంటే 75 కిలోలు. రైతుకూ మిల్లరుకూ అది కాగితం మీద లెక్క. ముఠా కార్మికుడికి మెడ మీద పడే మోత. చాలామందికి అది తమ ఒంటి బరువుకన్నా ఎక్కువ.

ఎత్తే తీరు దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. ఖాళీ గోనెసంచి ఒక మూలను రెండో మూలలోకి తోసి, తల మీదుగా వీపు మీదికి వేసుకుంటాడు. ఇద్దరు చెరో కొసా పట్టి బస్తా లేపుతారు. అతను మోకాళ్లు వంచి తల దించగానే అది మెడకూ భుజాలకూ మధ్య వచ్చి పడుతుంది. అక్కణ్నుంచి చూపు నేల మీదే. లారీకి వాల్చిన చెక్క మీదుగా ఎక్కి, పై వరసలో పడేసి, మరో బస్తాకు తిరిగి రావాలి. కూలి బస్తాకింత కాబట్టి ఒకడు ఆగితే ముఠా అంతా ఆగుతుంది.

దివిసీమ చేలల్లో ఇంకా కష్టం. ధాన్యం బరకాల మీద ఉంటుంది, లారీ డొంక దాటి లోపలికి రాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నాటిలా కోతల వేళ వాన పడితే గింజ తడిసి బరువెక్కుతుంది, నల్లమట్టి పాదాన్ని వదలదు.

మగవాళ్లు మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో ఇచ్చిన సూత్రమైతే అన్నీ అనుకూలంగా ఉన్నా 23 కిలోల దగ్గరే ఆగింది. ఒంటికి హాని కలిగేంత బరువు ఎత్తించరాదని మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షనులో రాశారు. ఫ్యాక్టరీల కోసం రాసిన ఆ మాట పొలం గట్టు దాకా రానేలేదు.

అందుకే ముందు సంచి మారాలి. అది జరగని పనేమీ కాదు. యూరియా వాడకం తగ్గించాలనుకున్న కేంద్రం 2018లో 50 కిలోల బస్తాను 45 చేసింది. బ్రిటన్‌లో సిమెంటు 25 కిలోల సంచుల్లో అమ్ముతున్నారు. డెల్టాలో ధాన్యం సంచి 40 కిలోలు దాటకూడదు, మూలలకు చేతికి అందే చెవులు కుట్టాలి. దాంతోపాటే కూలి క్వింటాలుకు కట్టాలి. ఇది మరిస్తే సంస్కరణ తిరగబడుతుంది: సంచి చిన్నదైందని రేటు కోస్తే, పోయిన కూలి కోసం మనిషి ఒకేసారి రెండు సంచులు ఎత్తుకుంటాడు.

ఆ తర్వాత పరికరం. మిల్లులో లారీ తొట్టి ఎత్తున అరుగు కడితే చెక్క ఎక్కే పనే ఉండదు, రెండు చక్రాల ట్రాలీ చాలు. గట్టు మీద మాత్రం ఆ ట్రాలీ కూరుకుపోతుంది. అక్కడికి వెడల్పు టైరున్న ఒంటి చక్రం బండి కావాలి. చక్రం వెళ్లని చోట బరువును మెడ నుంచి నడుముకు దించే పట్టీల చట్రం కావాలి. ఈ పరికరాల విషయంలో గిలకలదిండి హార్బరులో చేపల గంపలు మోసే ఆడవాళ్లనూ మరవకూడదు. ఒంటి బరువులో అయిదో వంతు దాకా అదనపు శ్రమ లేకుండా నెత్తిన మోయగలరని 1986లో కెన్యా మహిళలపై జరిగిన అధ్యయనం తేల్చింది. 50 కిలోల మనిషికి అది 10 కిలోలే. ఐసుతో నిండిన గంప అంతకు ఎంతో ఎక్కువ.

ఇవి తయారు చేయడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ, పాలిటెక్నిక్ ఉన్నాయి. ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. జిల్లా కలెక్టరు మిల్లర్లను, రైతులను, ముఠా సంఘాలను ఒకచోట కూర్చోబెట్టాలి. నమూనాల ఖర్చును మార్కెట్ కమిటీలు భరించాలి. వచ్చే సార్వా కోతల్లో వాటిని ముఠాలే వాడి చూడాలి. పని మందగిస్తోందనో, భుజం ఒరుసుకుంటోందనో వాళ్లు పక్కన పెట్టిన నమూనాను మార్చి, దాళ్వా కోతలకల్లా మళ్లీ వాళ్ల చేతికే ఇవ్వాలి.