కొన్ని వందల కాపీలే ఎందుకు?

మొన్నామధ్య లండన్ నుంచి వచ్చిన ఫ్రెండొకడు నా చేతిలో ఓ చదరపు కవరు పెట్టాడు. విప్పితే ఏడంగుళాల రికార్డు. మా అమ్మ చూసి, "ఒరేయ్, దీన్ని దేనిమీద వేస్తావురా?" అంది. నిజమే, మా ఇంట్లో టర్న్‌టేబుల్ లేదు :-)

అది ఫ్రూట్స్ డి మేర్ అనే చిన్న బ్రిటిష్ లేబుల్ వాళ్ళది. 2008లో ఇద్దరు సంగీతాభిమానులు మొదలెట్టారు. ఆ ఫ్రెంచి మాటకి అర్థం రొయ్యలూ, పీతలూ లాంటి సముద్రపు తిండి. చేసే పని మాత్రం సైకెడెలిక్ సింగిల్స్ వేయడం. ఎక్కువగా 1960లు, 70ల నాటి పాటల్ని ఇప్పటి బ్యాండ్‌లతో కొత్తగా పాడించి, కొన్ని వందల కాపీలు వేస్తారు. అయిపోతే అయిపోయినట్టే. వినైల్ తప్ప డౌన్‌లోడ్ లేదన్నది వాళ్ళు మొదట్లో పెట్టుకున్న నియమం.

ఇది విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఫైలుని ఇంకో కాపీ తీయడానికి ఖర్చే లేని ఈ రోజుల్లో ఈ పిసినారితనం ఏమిటి?

కాస్త చదివాక తెలిసింది, అందులో పిసినారితనం కన్నా లెక్కే ఎక్కువ. మాస్టర్ కోయించడం, దాన్నుంచి స్టాంపర్ చేయించడం... వంద కాపీలకైనా వెయ్యికైనా ఈ ఖర్చు తప్పదు. ఆశపడి ఐదువేలు వేయిస్తే మిగిలిన డబ్బాలు ఇంట్లోనే పేరుకుంటాయి. అమ్మగలిగినన్నే వేస్తే తరవాతి రికార్డుకి డబ్బులుంటాయి. పొద్దున లేస్తే "స్కేల్, స్కేల్" అనే మనకి ఇది మింగుడు పడదు గానీ, ఏళ్ళ తరబడి బతకడానికి ఇదీ ఒక పద్ధతే.

సింగిలే ఎందుకంటారా? ఈ సంగీతం పెరిగింది అక్కడే. గొంతుని వెనక్కి తిప్పి వినిపించిన బీటిల్స్ 'రెయిన్' 1966లో ఒక సింగిల్‌కి రెండో వైపు పాట. 1967 ఫిబ్రవరిలో వచ్చిన 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్', మార్చిలో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ మొదటి పాట 'ఆర్నల్డ్ లేన్', రెండూ సింగిల్సే. నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల రికార్డులో ఒక వైపు నాలుగైదు నిమిషాలు దాటితే గాళ్ళు ఇరుకవుతాయి, శబ్దం తగ్గించాల్సి వస్తుంది. ఆ కొద్ది చోటులోనే అంత గారడీ చేశారు. మెమరీ తక్కువున్న చోట కోడ్ రాసిన వాళ్ళకి ఆ మజా తెలుస్తుంది.

ఇంతవరకూ లేబుల్ పక్షమే. కానీ ఒక్క విషయంలో నాకు పేచీ ఉంది.

ఆ రికార్డు చూసి అమ్మ ఇంకో మాట కూడా అంది: "మీ తాతయ్య దగ్గర ఇలాంటివి పెట్టెడు ఉండేవిరా." గుర్తుంది. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు గుంటూరు ఇల్లు ఖాళీ చేస్తూ ఆ పెట్టెని పాత సామాన్ల వాడికి కిలోల లెక్కన ఇచ్చేశాం. మోసుకెళ్ళి ఇచ్చింది నేనే. సినిమా పాటలన్నీ తరవాత నెట్‌లో దొరికాయి. తాతయ్య రోజూ వినే నాటక పద్యాల రికార్డు మాత్రం ఎంత వెతికినా ఇప్పటికీ దొరకలేదు. ఎవరింట్లోనైనా ఉందేమో, లేదా నేను పారేసిందే ఆఖరిదేమో.

అలాగని యాప్‌ని నమ్ముకోవచ్చా అంటే అదీ లేదు. కాలేజీ రోజుల నుంచి నెలనెలా డబ్బులు కట్టి విన్న పాట ఒకటి, ఓ రోజు చూస్తే జాబితాలో బూడిద రంగులో ఉంది. నొక్కినా పలకదు. నేను కొన్నాననుకున్నాను, కట్టింది అద్దె.

అందుకే నా అభిప్రాయం ఇది. రికార్డులు కొన్ని వందలే వేయండి, తప్పు లేదు. అవి అమ్ముడయ్యాక మాత్రం ఆ పాటని ఫైలుగా కూడా అమ్మండి. లేకపోతే లాభం రెట్టింపు ధరకి తిరిగి అమ్ముకునే వాడికే గానీ, పాడినవాళ్ళకి రూపాయి రాదు. హైదరాబాదులో కూర్చున్న నాలాంటివాడికి పాటా దక్కదు. బ్యాకప్ లేని సర్వర్‌ని మనం ఒక్క రాత్రి వదలం కదా, పాటనెందుకు వదలాలి?

ఇక మన వంతు. మీ ఇంటి అటక మీద నల్లటి రికార్డులేమైనా ఉంటే, పారేసే ముందు పేర్లు ఒక్కసారి చదవండి. పద్యాలవి కనిపిస్తే నాకో ముక్క చెప్పండి. ఈ నెల జీతం రాగానే టర్న్‌టేబుల్ కొంటున్నాను :-)