జంటనాట్యమును గూర్చి

పరపురుషుని చేయి పట్టుకొని ఆడుట కులస్త్రీకి తగదని వాదించువారు మనలో నేటికిని పెక్కుమంది కలరు. బిడ్డలు అమెరికాలో పెరుగుచున్న తెలుగు గృహములలో ఈ వాదము ఊరక మాటలతో తీరునది కాదు. బిడ్డ నాట్యపాఠమునకు పోయెదనన్ననాడు ఔననుటయో కాదనుటయో తేల్చుకొనవలసినదే. కావున ఆ వాదమును పరీక్షింతము. అంతకు ముందు, నిందింపబడుచున్న వస్తువెట్టిదో తెలిసికొనుట న్యాయము.

అమెరికా ఈశాన్యభాగమున న్యూ ఇంగ్లండు ప్రాంతమున వేళ్లూనికొని, నేడు ఆ దేశమున పెక్కు పట్టణములకు వ్యాపించిన కాంట్రా నృత్యమును ఉదాహరణముగా గైకొందము. ఊరివారి సమావేశమందిరమో, చర్చికి చేరిన హాలో దీనికి తగిన చోటు. సామాన్యముగా ఆట మొదలగుటకు ముందు అరగంటసేపు క్రొత్తవారికి పాఠము చెప్పుదురు. జంటను వెంటబెట్టుకొని రానక్కఱలేదు. ఫిడేలు మున్నగు వాద్యములు మ్రోగుచుండగా, 'కాలర్' అనబడు వ్యక్తి అడుగులను ముందుగా పలుకుచు నడిపించును. జనులు బారులు తీర్చి నిలుతురు. ఒక ఆవృత్తి ముగియగానే ప్రతి జంటయు తరువాతి జంటను కలిసికొనును. ఈ విధమున విద్యార్థి వైద్యురాలితోను, ముదుసలి బాలికతోను అడుగులు వేయుట తటస్థించును. టిక్కెట్టు కొని కూర్చుండి చూచు ప్రేక్షకులు లేరు. వచ్చినవారు నర్తించుటకే వత్తురు.

స్పర్శయే దోషమందురా? ఈ భయము మనకొక్కరికే కలిగినది కాదు. 1816లో లండనున, రాజ్యపాలనము వహించియున్న యువరాజు ఇచ్చిన విందులో వాల్ట్జు నృత్యము జరుగగా, 'టైమ్సు' పత్రిక దానిని అసభ్యమైన పరదేశపు ఆటయని గర్హించి తల్లిదండ్రులను హెచ్చరించెను. ఆ వాల్ట్జే పిదప విక్టోరియా రాణి ఆస్థానమున గౌరవము పొందెను. నిందించినవారి భయము నిలువలేదు, నాట్యము నిలిచినది.

మన సంస్కర్తలే నాట్యమును ఖండించిరి గదా యని మఱికొందఱందురు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఖండించినది భోగముమేళమును. 1893లో మదరాసు సంస్కర్తలు వైస్రాయికిని గవర్నరుకును విన్నపములు పంపి కోరినదియు, అట్టి మేళములున్న విందులకు వారు పోకుండవలెననియే. అచ్చట ధనమిచ్చువాడు కూర్చుండి చూచును; ధనమునకై వచ్చిన స్త్రీ ఆడును. ఇష్టములేని సభనుండి లేచిపోవు స్వేచ్ఛ ఆమెకెంత? ఆ ఉద్యమము, కళనాశ్రయించి బ్రతికిన స్త్రీల జీవనమునే దెబ్బతీసినదన్న విమర్శయు న్యాయమైనదే. ఎట్లైనను, అందఱును సమముగా నర్తించు చోటికి ఆ ఖండనమును అన్వయించుట తర్కము కాదు. ఊరివారు కోలలు పట్టి ఆడు కోలాటమును భోగముమేళమని యెవరైన అందురా?

ఇంతమాత్రమున జంటనాట్యసంఘములన్నియు నిర్దోషములని మేము చెప్పుట లేదు. దోషమున్న తావు వేఱు. పూర్వము ఇంగ్లండు నాట్యశాలలలో ఒక నియమముండెడిది: పిలిచిన పురుషుని కాదనిన స్త్రీ, ఆ ఆట ముగియువరకు మఱెవ్వరితోను ఆడరాదు. కాదనుటకు దండన! ఆ నియమము పోయినను దాని నీడ పోలేదు. ఎవరు పిలిచినను సరేయనుటయే మర్యాదయని క్రొత్తవారికి బోధించు అలవాటు కాంట్రా సంఘములలోను, స్వింగు నాట్యసంఘములలోను చిరకాలము సాగినది. దుష్టునికి ఇంతకంటె భద్రమైన కోట వేఱొకటి కావలయునా? మర్యాదపేరిట స్త్రీ నోరు మూయించు సంఘము ఎంత చక్కగా అడుగులు నేర్పినను కళంకితమే. సంతోషింపదగిన విషయమేమన, పెక్కు సంఘములు నేడా బోధను విడిచి, కారణము చెప్పకయే ఎవరైనను కాదనవచ్చునని తొలిపాఠముననే తెలుపుచున్నవి. పురుషునికొక పాత్ర, స్త్రీకొక పాత్ర యను కట్టును సడలించి, ఆ పాత్రలకు లార్కు, రాబిన్ అని పక్షుల పేర్లు పెట్టి, ఎవరికిష్టమైనది వారు గ్రహింపవచ్చునని కాంట్రా సంఘములు పెక్కు నిర్ణయించినవి.

కావున తల్లిదండ్రులారా, చేయి పట్టుకొందురా యని అడుగుట మానుడు. కాదనినవారిని ఆ సంఘము గౌరవించునా? అనుచితముగా ప్రవర్తించినవానిని గూర్చి మొఱపెట్టుకొనిన వినువారు కలరా? అట్టివాడు పాఠము చెప్పు గురువే యైనను వెలుపలికి పంపుదురా? ఈ మూడు ప్రశ్నలడుగుడు. సమాధానము తృప్తికరముగా లేనిచో వలదనుడు. ఉన్నచో నిర్భయముగా పంపుడు.

చివరకొక మాట. పది నిమిషముల ఆటకై పరపురుషుడు చేయి పట్టునని కంపించు మనము, జీవితాంతము విడువరాని పాణిగ్రహణమునకు మాత్రము కన్యను అడుగ మఱచుచున్నాము. అన్ని యిండ్లను అనము. అనేక గృహములలో పెండ్లిచూపులనాడు ఆమె తలవంచి కూర్చుండును. వరునివారికి వలదనుటకు గల స్వేచ్ఛలో ఆమెకు సగమైనను లేదు. నియమము తెలిసిన నాట్యసంఘమున బాలిక 'వలదు' అని తలయెత్తి చెప్పుట నేర్చుకొనుచున్నది. బాలుడు ఆ మాటను అవమానముగా నెంచక, మంచిదని తొలగి, వేఱొకరిని పిలుచుట నేర్చుకొనుచున్నాడు. ఈ రెండు పాఠములను మన బిడ్డలకు ఇంట చెప్పితిమా? చెప్పనివారికి నాట్యశాలను నిందించు అధికారము లేదు.