చెవిలో మోత: భయమూ వద్దు, ఉపేక్షా వద్దు

నేత సోదరులారా! నాడె ఎగిరివచ్చి కణతకు తగిలితే మనము నూనె రాచుకొని మరల మగ్గము మీద కూర్చుంటాము. రాత్రి ఇల్లు సద్దుమణగగానే చెవిలో గుయ్యిమని మోత. చెవుడు వస్తుందేమోనని దిగులు. ఇటువంటి మోత చాలామందికి కొద్ది రోజులలోనో వారాలలోనో తగ్గిపోతుంది. దానినే చెవియొగ్గి వింటున్నకొద్దీ పెద్దదిగా తోస్తుంది.

కాని చెవినుండి నెత్తురుగాని నీరుగాని కారినా, వాంతులు, తలతిరుగుడు, మగత కనబడినా, వినికిడి హఠాత్తుగా తగ్గినా ఆనాడే వైద్యుని చూడవలెను. చెవిలో నూనె పోయరాదు. లోపలి పొర చిరిగి ఉండవచ్చును. చంద్రపూరులో 2015 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది.

ఒకనాటి కూలి పోతుందనే మనవారు వెనుకాడుతున్నారు. ఆ కూలిని సహకార సంఘమే భరించవలెనని మా అభిప్రాయము. సభ్యులు దీనిని వచ్చే సర్వసభ్య సమావేశములో చర్చించవలెనని కోరుతున్నాము.