కిరీటమా, కుళ్లాయా?
విజయనగర కాలం సినిమా అంటే రాజు నెత్తిన కిరీటం ఉండాల్సిందే. తిరుమలలో దేవేరులతో నిలబడ్డ కృష్ణదేవరాయల లోహ విగ్రహానికేమో పొడవాటి కుళ్లాయి! ఇలాంటి పొరపాటు జరగకుండా దుస్తుల చరిత్ర తెలుసుకోవడానికి బొమ్మల పుస్తకాలు అవసరమే. రోషన్ అల్కాజీ ‘ఏన్షియంట్ ఇండియన్ కాస్ట్యూమ్’ చూస్తే కట్టుల తేడాలు ఇట్టే పట్టుబడతాయి. కానీ గీత బొమ్మలో కుచ్చిళ్లు తెలుస్తాయి గానీ బట్ట బరువు తెలియదు. అమరావతి శిల్పాల్లో ఒంటికి అంటుకుపోయిన ఆ వస్త్రం నిజంగానే అంత పల్చనా, లేక శిల్పి పనితనమా? తిరగగీసిన బొమ్మలో ఆ సందేహానికే చోటుండదు. లేపాక్షి గుడి కప్పు మీది రంగుల చిత్రాల కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడితే చీరల గళ్లు, చారలు, అంచులు వేటికవే వేరుగా కనిపిస్తాయి. పుస్తకం కొనండి. బొమ్మ కింద ఏ గుడిదో, ఏ శతాబ్దానిదో రాయకపోతే మాత్రం దర్జీ చేతికివ్వకండి.