పదహారు గళ్ల దరువు

శివరాత్రికి కోటప్పకొండ వైపు ప్రభలు కదిలే రోజుల్లో ఆ దారి పొడుగునా వినిపించే మోత ఒక్క తీరుగా ఉండదు. ఒకచోట డప్పులు, ఇంకాస్త ముందుకెళితే కోలాటం, ఆపైన విద్యుత్ ప్రభ ముందు వేసిన స్టేజీ మీద ఆర్కెస్ట్రా. నల్లని రబ్బరు పలకల మీద కర్రలతో కొట్టి డోలక్కు, తబలా, డ్రమ్ము అన్నీ పలికించే కుర్రాడు ఆ ఆర్కెస్ట్రాకు ప్రాణం. ‘ప్యాడ్స్ అబ్బాయి’ రాకపోతే కార్యక్రమమే లేదు. అతని పక్కన ఈమధ్య ఇంకో చిన్న పెట్టె కూడా కనబడుతోంది. దాని నిండా వరసలు వరసలుగా మెత్తని మీటలు. వాటిని పాట నడుస్తున్నంతసేపూ కొడుతూ కూర్చోనక్కర్లేదు. ఏ గడిలో దెబ్బ పడాలో ముందే నొక్కి ఉంచితే చాలు, అదే తిరుగుతూ వాయిస్తుంది. దీన్ని స్టెప్ సీక్వెన్సర్ అంటారు. మన ప్రాంతపు పిల్లల చేతుల్లోకి వచ్చిన ఈ వస్తువు గురించి కాస్త శ్రద్ధగా మాట్లాడుకోవాలి.

పెట్టెలో పదహారు గళ్లున్నాయనుకుందాం. డ్రమ్ము శబ్దాన్ని ఎంచుకుని ఒకటి, ఐదు, తొమ్మిది, పదమూడు గళ్లు నొక్కితే అవి వెలుగుతాయి. మొదలుపెట్టగానే ఒక వెలుగుచుక్క ఎడమ నుంచి కుడికి ఒక్కో గడినీ దాటుకుంటూ పోతుంది. వెలిగి ఉన్న గడి దగ్గర దెబ్బ పడుతుంది, లేనిచోట ఊరుకుంటుంది. పదహారు దాటగానే మళ్లీ ఒకటి. ఇప్పుడు చప్పట్ల శబ్దం తీసుకుని ఐదు, పదమూడు గళ్లలో పెట్టండి. తాళాల గలగలను ఒక గడి విడిచి ఒక గడిలో పెట్టండి. మనకు బాగా తెలిసిన సినిమా దరువు తయారు. దీన్ని పల్లవికి ఉంచుకుని, చరణానికి ఇంకో ప్యాటర్న్, మళ్లీ పల్లవికి మళ్లే చోట ఒక చిన్న ముక్తాయింపు కట్టి, అన్నిటినీ వరసలో పెడితే పాటకు కావలసిన నడకంతా సిద్ధమైనట్టే.

మొదటిసారి ముట్టుకున్నవాళ్లు దాదాపు అన్ని గళ్లూ వెలిగించేస్తారు. అది సహజం. కాసేపటికి చెవికి విసుగొచ్చి ఒక్కోటీ ఆర్పడం మొదలుపెడతారు. అసలు విద్య అక్కడ మొదలవుతుంది. ఇందాకటి దరువులో డ్రమ్ము తొమ్మిదో గడిని ఆర్పి పదకొండోది వెలిగించి చూడండి. నింపాదిగా సాగుతున్న నడక కాస్తా గెంతులోకి దిగుతుంది. కొత్త శబ్దమేదీ చేరలేదు. ఒక దెబ్బ రెండు గళ్లు జరిగింది, దాని పాతచోటు ఖాళీ అయింది. అంతే.

పత్తి, మిరప సాగు చేసేవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. నల్లరేగడి చేలో నిలువునా అడ్డంగా అచ్చు తోలి, గీతలు కలిసిన చోటే మొక్క పెడతారు. మధ్యలో వదిలిన జాగా వృథా కాదు. గుంటక తిరగాలన్నా, గాలీ వెలుతురూ ఆడాలన్నా, కొమ్మ పరుచుకోవాలన్నా అదే ఆధారం. ఒత్తుగా పెట్టిన చేను చూపుకి పచ్చగా ఉంటుంది, కాపు నిలవదు. దరువులో ఖాళీ గడి చేసే పని కూడా అచ్చంగా ఇదే.

ఈ గళ్ల పద్ధతికి ఊరూరా గుర్తింపు తెచ్చిన యంత్రం జపాన్ కంపెనీ రోలాండ్ 1980లో తెచ్చిన టీఆర్-808. కింది అంచున పదహారు రంగు మీటలుండేవి. శబ్దం అసలు డ్రమ్ములా లేదని చాలామంది పెదవి విరిచారు. సుమారు పన్నెండు వేల పెట్టెలు చేసి 1983లో ఆపేశారు. ఆ తర్వాత సెకండ్‌హ్యాండులో చవగ్గా దొరికినప్పుడు అమెరికా నల్లజాతి యువకులు వాటిని కొనుక్కుని హిప్‌హాప్ దరువులు కట్టుకున్నారు. మన దేశం కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. హిందీ సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో బొంబాయిలో ఇదే 808నీ, అదే కంపెనీ తెచ్చిన ఇంకో యంత్రం టీబీ-303నీ ముందు పెట్టుకుని పది రాగాలను డిస్కో దరువు మీద నడిపి రికార్డు చేశారు. అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలైనాక, ప్రపంచమంతా తర్వాత అలవాటుపడిన ఒక సంగీత ధోరణి పోలికలు అందులో అంత ముందే ఉన్నాయని విని ఆశ్చర్యపోయారు. ఆయన 2015లో కన్నుమూశారు. యంత్రం జపానుదే. దాన్ని అడిగిన ప్రశ్న మాత్రం మనది. అందుకే ఆ రికార్డు నిలిచింది.

మొదట్లో చెప్పుకున్న ప్యాడ్స్ సంగతికొస్తే, ఎనిమిది రబ్బరు పలకల ఆక్టోప్యాడ్ 1985లో వచ్చింది. రోజర్ లిన్ రూపకల్పన చేసిన ఎంపీసీ60 నాలుగు నాలుగుల పదహారు ప్యాడ్లతో 1988లో వచ్చింది. ఇప్పుడు ఇవన్నీ చేసే ఆప్‌లు ఫోనులోనే, కొన్ని ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. పెట్టె తెరవగానే కనబడే పదహారు గళ్లు శాసనం కాదు. నాలుగు నాలుగుల నడక అలవాటైన చోట పుట్టింది కనుక అలా ఉంది. ఆది తాళానికి అది చక్కగా సరిపోతుంది, అక్షరానికి రెండు గళ్ల చొప్పున ఎనిమిది అక్షరాలు ఇమిడిపోతాయి. కానీ మన చెవికి ఐదూ ఏడూ కూడా ఇంటివే. మిశ్రచాపు ఏడు, ఖండచాపు ఐదు. మన రగడల్లో వృషభగతిది మూడు, నాలుగు మాత్రల జంట నడక, 1910లో గురజాడ ముత్యాల సరాలను నడిపింది ఆ తూగు మీదే. చాలా సీక్వెన్సర్లలో చివరి గడి ఏదో మనమే నిర్ణయించుకునే వీలుంది. దాన్ని పద్నాలుగుకు మార్చి ఒకటి, ఏడు, పదకొండు వెలిగించండి. తకిట తకధిమి పలుకుతుంది. పదికి మార్చి ఒకటి, ఐదు, ఏడు పెట్టండి, ఖండచాపు. కొన్ని పెట్టెల్లో ఒక్కో వరసకూ ఒక్కో నిడివి పెట్టుకోవచ్చు. ఒక వరస ఏడు గళ్లకు తిరుగుతూ, ఇంకోటి నాలుగుకు తిరుగుతూ ఉంటే రెండూ విడిపోయి, ఒకదాన్నొకటి తరుముకుని, ఇరవై ఎనిమిది గళ్లు పూర్తయ్యాక మళ్లీ ఒక్కచోట కలుస్తాయి. మృదంగ విద్వాంసులు లెక్క కట్టి సమానికి తెచ్చే ఆనందాన్ని పదేళ్ల పిల్లవాడు కంటితో చూసి పట్టుకోగలడు. పాఠం చెప్పేవాళ్లకు ఇంతకన్నా మంచి పలక దొరకదు.

మన నేలకు ఇలా పొరలు పొరలుగా దరువు కట్టడం కొత్త కూడా కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను తలుచుకోండి. కథకుడి ఒక చేతిలో తంబురా, ఇంకో చేతి వేళ్లకు అందెలు, ఇరుపక్కలా వంతల గుమ్మెటలు, కాళ్లకు గజ్జెలు. ఎవరి వరస వారిదే. పల్నాటి యుద్ధం చెబుతూ ఒక్క వరుసను హఠాత్తుగా ఆపించి, ఆ ఖాళీలో మాటను నిలబెట్టడం ఆయనకు తెలుసు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. దూది ఏకే వింటినారి మోత విని పెరిగిన కులం అది. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగం దాకా వెళ్లి అక్కడే స్థిరపడింది. ఆయన ఊపిరి తీసుకునే చోటల్లా డోలు అందుకునేది. ఎక్కడ నింపాలో, ఎక్కడ వదలాలో తెలిసిన చేతులు ఈ మెట్టపొలాల మధ్య తరతరాలుగా ఉన్నాయి.

ఇంత చెప్పి, యంత్రానికి అందని దాన్ని దాచడం న్యాయం కాదు. గడి గడికీ మధ్య కూడా కాలం ఉంటుంది. మంట దగ్గర కాచి బిగించిన డప్పు మీద కుడిచేతి లావు పుల్ల దెబ్బకీ, ఎడమచేతి సన్నపుల్ల చిటుకుకీ నడుమ ఉండే ఎడం ఏ గడిలోనూ కూర్చోదు. ఊరేగింపు ఎక్కుబాటు అందుకుంటే అది బిగుస్తుంది, గుడి ముందు నిలబడితే సడలుతుంది. రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్ఎమ్-1 డ్రమ్ యంత్రంలోనే, అటూ ఇటూ పడిన దెబ్బను గడిలోకి లాగే సదుపాయంతో పాటు, కావాలని కొంచెం ఆలస్యంగా పడేటట్టు తూగు పెట్టే సదుపాయమూ ఇచ్చారు. లోటు ఉందని ఆయనకీ తెలుసన్నమాట. డప్పు దరువును పెట్టెలోకి తెచ్చే కుర్రాళ్లు గడిలోకి లాగే ఆ మీటను మొదట ఆపేయాలి. ముందు వాయించిన మనిషి చేతిని ఉన్నదున్నట్టు వినాలి.

మా బెంగ అంతా ఆ చేతి గురించే. పెట్టెలో ముందే పోసి ఇచ్చిన దరువులు వందలున్నాయి, వాటితోనే పని గడిచిపోతోంది. పెళ్లి ఊరేగింపుల్లో డీజే పెట్టెలు వచ్చాక డప్పు మేళానికి పిలుపులు తగ్గాయి. రాష్ట్ర ప్రభుత్వ సామాజిక పింఛన్లలో డప్పు కళాకారులకు ఒక వర్గం ఉండటం మంచి విషయం. ఆ సాయం పెద్దవాళ్ల పూట గడుపుతుంది, వారి దరువును మాత్రం పిల్లలకు అందించలేదు. ఆ రెండో పని మనం చేసుకోవలసిందే, అందుకు ఖర్చూ పెద్దగా లేదు. వేసవి సెలవుల్లో ఊరి బడి వరండా చాలు. ఒక ఫోను, ఒక చిన్న స్పీకరు, ఆసక్తి ఉన్న నలుగురు పిల్లలు, ఊళ్లో డప్పు వాయించే పెద్దాయన. మాట సాయంగా కాకుండా, ఆ పూటకు ఆయనకు కూలి కట్టి పిలవాలి. ఆయన వాయించినది ముందు రికార్డు చేయాలి. తర్వాత దెబ్బలు లెక్కపెట్టుకుని ఎన్ని గళ్లు కావాలో పిల్లలే తేల్చుకుని, వెలిగించి, ఆయనకే వినిపించాలి. ఎక్కడ తప్పిందో ఆయన చెబుతారు, దిద్దుకోవాలి. కుదిరాక ఆ ప్యాటర్న్‌కు ఊరి పేరుతో పాటు ఆయన పేరూ పెట్టి దాచుకుని, వచ్చే ఏడు ఏ పాటలో వాడినా స్టేజీ మీద ఆ పేరు చదవాలి.