ఎండమావి చెప్పే నిజం

వేసవి మధ్యాహ్నం సత్యనారాయణపేట వీధి చివర నీళ్లు నిలిచినట్టు కనబడితే, మన ఇళ్లలో పెద్దలు "ఎండమావులురా, నమ్మకు" అంటారు. కన్నడ మిత్రులు దానినే "బిసిలుగుదురె" అంటారు. అంటే ఎండగుర్రం. పాత తెలుగులో మావు అన్నా గుర్రమే కదా! రెండు భాషలవారూ దాని పరుగును చూశారు గాని, దానిని నమ్మవచ్చునని ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి మాకు చెప్పినవాడు హైదరాబాదులో రైఫిలు గురి నేర్చుకుంటున్న మా మేనల్లుడు.

మొదట మేము ఈ ఆటకు ఒప్పుకోలేదు. గుమాస్తాల ఇంట తుపాకి ఏమిటి, ఆ ఖర్చేమిటి అన్నాము. వాడు గగన్ నారంగ్ పేరు చెప్పాడు. హైదరాబాదులో పెరిగిన ఆయన 2012లో లండను ఒలింపిక్సులో కాంస్యం గెలిచినది 10 మీటర్ల పందెంలో. అది నాలుగు గోడల మధ్య ఆట. గాలి బెడద లేదు. 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో రజతం తెచ్చినది మాత్రం పడుకొని కాల్చే 50 మీటర్ల పందెంలో. ఆ దూరాన పది మార్కుల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. చిన్న గాలి తగిలినా గుండు దానిని తప్పుతుంది. ఇంగ్లండులో బిస్లీ మైదానాన 1890 నుంచి జరుగుతున్న పోటీలలో 1000 గజాల దూరం కూడా ఉన్నది. అక్కడ గంటకు పది మైళ్ల అడ్డగాలి గుండును ఏడెనిమిది అడుగులు పక్కకు నెట్టగలదు.

మైదానంలో జెండాలు ఉంటాయి గాని, జెండా తానున్న చోటి గాలినే చెబుతుంది. మధ్యదారి సంగతి చెప్పేది ఎండమావి. నేల కాగినప్పుడు పైకి లేచే వేడిగాలిలో వెలుగు వంగుతుంది. దుర్భిణిని గురిబిళ్లమీద గాక కొంచెం ఇవతలికి సరిచేసి చూస్తే, ఆ గాలి ఏటి అలలవలె పారుతూ కనబడుతుంది. అలలు కుడికి పారితే గాలి ఎడమనుంచి వస్తున్నది. అవి ఎంత చదునుగా పరుగెత్తితే గాలి అంత వేగమైనది. మరీ జోరైతే అలలే కనబడవు. ఎసరు మరిగినట్టు నిలువుగా లేస్తే, గాలి ఆగినదన్న మాట, లేదా సరిగా ఎదురుగానో వెనుకనుంచో వీస్తున్నదన్న మాట. అప్పుడది ఏ వైపు మళ్లుతుందో తెలియదు గనుక తెలిసినవారు కాల్చక ఆగుతారు.

నిరుడు వాడి పోటీ చూడబోయాము. యాభై నిమిషాలలో అరవై గుండ్లు కాల్చవలె. యాభై ఎనిమిది అయినవి. వాడు దుర్భిణిలో చూసి ఆగిపోయాడు. గడియారం నడుస్తున్నది. వెనుక కుర్చీలో మేము "కాల్చరా, కాల్చరా" అని లోలోపల గింజుకున్నాము. కాసేపటికి కాల్చాడు, పది. మళ్లీ ఆగాడు. ఈసారి వేళ మించిపోవడంతో కాల్చక తప్పలేదు, ఎనిమిది. ఆ ఒక్క గుండుతో పై పోటీకి వెళ్లే అవకాశం పోయింది.

బయటికి వచ్చాక వాడిని ఓదార్చుదామని "పాడుగాలి ఎంతపని చేసిందిరా" అన్నాము.

"గాలి తప్పేమీ లేదు మామా. మావి నిలువుగా లేచి నాకు చెబుతూనే ఉన్నది. మొదటి ఇరవై గుండ్లకు అక్కరలేని జాగు చేసి, చివర ఆగవలసినప్పుడు వేళ లేకుండా చేసుకున్నవాణ్ణి నేనే" అన్నాడు. చెట్టు కింద కూచొని ఆ మాటే నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

లెక్క కుదరనప్పుడు మేము ముందుగా పక్క బల్లవాణ్ణే అనుమానించే అలవాటు మాకు తెలియనిది కాదు. ఆ రోజు తరువాత వాడి ఆట ఖర్చు గురించి మేము మళ్లీ నోరెత్తలేదు.

ఈ వేసవిలో మీ పిల్లలకు ఎండమావి కనబడితే, "నమ్మకు" అని ఊరుకోకండి. అది ఏ వైపు పరుగెడుతున్నదో చెప్పమని, మిద్దెమీద ఆరవేసిన బట్టలు ఎటు ఎగురుతున్నవో సరిచూడమనండి.